సంఘ కాపరులకు, పెద్దలకు ఒక మాజీ ట్రెజరర్ బహిరంగ లేఖ

తెలుగు నేల మీద మందను కాస్తున్న పాస్టరయ్యలకు, వారి పక్కన కూర్చుని సంఘాన్ని నడిపిస్తున్న పెద్దలకు, కమిటీ సభ్యులకు మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

నేను గుంటూరు ప్రాంతంలో ఒక చిన్న ఊరి సంఘస్థుణ్ణి. పదకొండేళ్ళు మా సంఘానికి ట్రెజరర్‌గా ఉన్నాను. ఇప్పుడు కాను. ఎందుకు కానో ఈ లేఖలో చెబుతాను. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలవబోతున్నాయి. మొదటి ఆదివారం మీలో చాలామంది మత్తయి సువార్త 4వ అధ్యాయం తీసి, అరణ్యంలో యేసుప్రభువుకు వచ్చిన శోధన గురించి ప్రసంగిస్తారు. ఆ ప్రసంగం తయారు చేసుకునే ముందు ఈ నాలుగు మాటలూ మీ చెవిన వేయాలని రాస్తున్నాను. తప్పుగా అనిపిస్తే క్షమించండి. కానీ చివరిదాకా చదవండి.

మా ఊళ్ళో శ్రమల దినాలూ మిరపకోతలూ ఒకేసారి వస్తాయి. మా సంఘంలో సగం మంది ఆడవాళ్ళు కోతకూలికి వెళ్ళేవాళ్ళే. శనివారం సాయంత్రం మేస్త్రి ఇచ్చిన కూలి డబ్బులు కొంగుముడిలో కట్టుకుని, ఆదివారం పొద్దున అందులోంచి ఒక నోటు తీసి కానుకల సంచిలో వేస్తారు. ఆ రోజుల్లో కానుకలు నేను ఇంటికి తెచ్చి, భోజనం చేశాక చాప మీద పోసి ఒక్కణ్ణే లెక్కపెట్టేవాణ్ణి. రూపాయి బిళ్ళలు పదేసి చొప్పున దొంతర్లు. పది నోట్లు ఒక పక్క, ఇరవైలు ఒక పక్క. మడతలు పడి, చెమటకు మెత్తబడిన ఆ నోట్లకు ఎండుమిరప ఘాటు పట్టి ఉండేది. లెక్క అయ్యాక మరచిపోయి కళ్ళు నులుముకున్నానా, ఇక పొద్దుగూకేదాకా మంటే. మా ఆవిడ నవ్వేది. నాకది గొప్పగా ఉండేది. ఈ పేదవాళ్ళ రక్తమాంసాల డబ్బు నా చేతిలో ఎంత భద్రంగా ఉందో అనుకునేవాణ్ణి. పదకొండేళ్ళలో ఒక్క రూపాయి తేడా రాలేదని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి.

ఒక ఏడాది కమిటీ మీటింగులో, కొత్తగా మా ఊరికి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి లేచి నిలబడ్డాడు. చాలా మర్యాదగా, "అన్నా, కానుకలు మందిరంలోనే ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెడితే బాగుంటుందేమో" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. "అంటే నన్ను అనుమానిస్తున్నావా?" అన్నాను. గొంతు పెద్దదయింది. నేను ఎన్నేళ్ళ నుంచి ఈ సంఘంలో ఉన్నానో, మందిరం పైకప్పు వేసేటప్పుడు ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో అన్నీ చెప్పాను. అతను మాట్లాడకుండా కూర్చున్నాడు. మా పాస్టరయ్య మంచి మనిషి. నా మనసు నొచ్చుకుందని ఆయనకు బాధ. "మన ట్రెజరర్‌గారి మీద మనందరికీ నమ్మకం ఉంది, ఆ విషయం వదిలేద్దాం, ప్రార్థన చేసుకుందాం" అని ముగించేశారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ అబ్బాయి, అతని భార్య కొన్నాళ్ళకు పక్క ఊరి సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టారు. పోతే పోయారనుకున్నాను.

ఆ తర్వాత ఏడాది తిరక్కముందే, మా అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సిన రోజు దగ్గరపడి, చేతిలో డబ్బు ఆడక, మందిర నిర్మాణ నిధిలోంచి 22 వేలు తీశాను.

దొంగతనం అనుకోలేదు. మూడు నెలల్లో చీటీ డబ్బులు వస్తాయి, పెట్టేస్తాను అనుకున్నాను. ఎవరినైనా అడగొచ్చు కదా అని మీరనవచ్చు. కమిటీని అడిగితే అప్పుగా ఇచ్చేవాళ్ళేమో. పాస్టరయ్యతో చెప్పుకుంటే తన జీతంలోంచైనా సర్దేవారేమో. కానీ "నాకు అవసరం వచ్చింది" అన్న మాట నా నోట రాదు. అందరికీ ఇచ్చే చేతిని, అందరూ అడిగే మనిషిని, నేను వెళ్ళి ఎలా అడుగుతాను? నా చేయి ఆ పెట్టెలోకి వెళ్ళడానికి పేదరికం కారణం కాదు. అడగడానికి నామోషీ పడటమే కారణం. పైగా చూసేవాడు లేడు. చూస్తానన్న ఒక్కణ్ణీ నేనే తరిమేశాను.

ఇంకో మాట కూడా మీకు తెలియాలి. ఆ మూడు నెలలూ నేను ప్రార్థన మానలేదు. ముందుకంటే గట్టిగా చేశాను. గృహ కూడికల్లో కన్నీళ్ళతో చేశాను. జనం "ఎంత భారం ఉంది ఈయనకు" అనుకున్నారు. చీటీ ఎత్తాక డబ్బు మొత్తం తిరిగి పెట్టేశాను. పుస్తకంలో ఎక్కడా తేడా లేదు. అప్పుడైనా సిగ్గుపడ్డానా? లేదు. చూశావా, తిరిగి పెట్టేశాను, ఇంకొకడైతే తినేసేవాడు అని లోలోపల ఇంకాస్త పొంగాను. పాపం చేసిన దానికంటే, పాపం మీద కూడా గర్వపడగలిగిన ఆ మనసే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కోతకూలికి వెళ్ళే ఒక పెద్దమ్మ నా దగ్గరకు వచ్చింది. అల్లుడు పనిచేసేచోట డబ్బు తీశాడని కేసు పెట్టారట. పిల్ల ఏడుస్తోందట. నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు నీతిమంతుడివి నాయనా, నీ ప్రార్థన దేవుడు వింటాడు, వాడి కోసం ప్రార్థన చెయ్యి" అంది. ఆమె వేళ్ళు మిరపకాయలు కోసి కోసి ఎర్రగా పగిలి ఉన్నాయి. నేను ప్రార్థన చేయలేకపోయాను. నోరు పెగల్లేదు. ఆ సాయంత్రమే పాస్టరయ్య ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ప్రభురాత్రి భోజనపు ఆదివారం సంఘం ముందు చెప్పాను.

అయ్యగార్లూ, ఇదంతా నా గోడు వెళ్ళబోసుకోవడానికి రాయలేదు. "నన్ను అనుమానిస్తున్నావా" అన్న ఆ ఒక్క మాట దగ్గర మీరందరూ కాసేపు ఆగాలని రాశాను. మనం శోధన గురించి ప్రసంగించేటప్పుడు డబ్బు, స్త్రీ, తాగుడు అని లెక్క చెబుతాం. గర్వాన్ని ఆ వరసలో ఇంకొకటిగా, ఒక్కోసారి చివర్లో చేరుస్తాం. నా అనుభవంలో అది వరసలో నిలబడేది కాదు. మిగతావాటికి తలుపు గడియ తీసేది అదే. తలుపు తెరిచాక లోపలికి వచ్చేది డబ్బా, ఇంకొకటా అన్నది మనిషిని బట్టి ఉంటుంది.

మత్తయి 4వ అధ్యాయం మళ్ళీ ఒకసారి చదవండి. యొర్దాను ఒడ్డున "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న స్వరం ఇంకా చెవుల్లో ఉండగానే శోధకుడు వచ్చి, "నీవు దేవుని కుమారుడవైతే" అన్నాడు. దేవుడు ఇచ్చిన పేరునే పట్టుకుని లాగాడు. మిమ్మల్ని కూడా వాడు మీ పిలుపును పట్టుకునే లాగుతాడు. నీవు దైవజనుడవైతే, నీవు అభిషిక్తుడవైతే అంటాడు. దానికి ప్రభువు ఏమని జవాబిచ్చాడు? "మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదుగాని" అన్నాడు. దేవుని కుమారుడవైతే అని అడిగినవాడికి, మనుష్యుడు అని జవాబు. ఎన్నోసార్లు చదివిన వచనం ఇది. నేను పడిపోయిన తర్వాతే ఈ మాట నా కంటపడింది. ఆయన కుమారుడే. నిరూపించాల్సిన అవసరం ఆయనకు లేదు. ఆకలేసిన మనిషిగా, తండ్రి మాట మీద ఆధారపడ్డ మనిషిగా, మన వరసలో నిలబడి జవాబిచ్చాడు. అంతకుముందే పాపుల వరసలో నిలబడి బాప్తిస్మం తీసుకున్నాడు కదా.

ఇంకోటి చూడండి. శోధకుడికి ప్రభువు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోంచే. మొదటిది 8వ అధ్యాయంలోది. ఆ అధ్యాయమంతా దేని గురించి? నలభై ఏళ్ళు అరణ్యంలో దేవుడు తన ప్రజలను ఎందుకు అణచాడో మోషే చెబుతాడు. ఆ వెంటనే ఒక హెచ్చరిక చేస్తాడు. కడుపునిండా తిని, మంచి ఇళ్ళు కట్టుకుని, పశువులూ వెండి బంగారాలూ పెరిగాక మీ మనసు మదించి, ఇదంతా మా బలంతోనే సంపాదించుకున్నామని అనుకుంటారేమో, జాగ్రత్త అంటాడు. ఆకలి రోజుల కంటే నిండిన రోజులే ప్రమాదమన్నది ఆ అధ్యాయం. ఆకలితో ఉన్న ప్రభువు అందులోంచి ఒక్క వచనం తీసి శోధకుణ్ణి ఆపాడు.

మన ప్రసంగాల్లో "అపవాదిని ఎదిరించుడి" అన్న మాట చాలా గట్టిగా వినిపిస్తుంది. మైకు అదిరిపోయేలా సాతానును గద్దిస్తాం. యాకోబు పత్రిక 4వ అధ్యాయం 7వ వచనంలో దానికి ముందు ఇంకో మాట ఉంది: "దేవునికి లోబడియుండుడి." దానికీ ముందు వచనంలో, "దేవుడు అహంకారులను ఎదిరించి దీనులకు కృప అనుగ్రహించును" అని ఉంది. అంటే నేను గర్వంతో నిలబడి సాతానును ఎదిరిస్తుంటే, నా వెనక దేవుడు నన్ను ఎదిరిస్తూ ఉంటాడు. రెండు వైపులా యుద్ధమే. ఆ మూడు నెలలు నా ప్రార్థనలు ఎక్కడికి పోయాయో నాకు ఈ వచనం దగ్గర అర్థమైంది.

పెద్దలారా, ఇప్పుడు మీతో ఒక మాట. రెండవ దినవృత్తాంతాలు 26వ అధ్యాయంలో ఉజ్జియా రాజు ఉన్నాడు. పదహారేళ్ళకు రాజై 52 ఏళ్ళు ఏలాడు. మంచి రాజు. బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే ప్రాణం, కోటలు కట్టించాడు, పేరు ఐగుప్తుదాకా పాకింది. స్థిరపడేదాకా అతనికి ఆశ్చర్యంగా సహాయం దొరికిందట, స్థిరపడ్డాక మనసులో గర్వించి చెడిపోయాడట. ధూపం వేయడం యాజకుల పని. అది తానే వేస్తానని మందిరంలోకి వెళ్ళాడు. అప్పుడు అజర్యా అనే యాజకుడు, అతనితోపాటు ఇంకో 80 మంది యాజకులు లోపలికి వెళ్ళి రాజుకు ఎదురు నిలిచారు. "పరిశుద్ధస్థలములోనుండి బయటికి పొమ్ము" అన్నారు. రాజు మండిపడ్డాడు. నేను ఆ మీటింగులో మండిపడినట్టే. అప్పుడే అతని నొసట కుష్ఠం లేచింది.

మనం ఉజ్జియా గురించే ప్రసంగిస్తాం. ఆ 80 మంది గురించి మాట్లాడం. ఆ రోజు వాళ్ళు "రాజుగారి మనసు నొచ్చుకుంటుంది, వదిలేద్దాం, ప్రార్థన చేసుకుందాం" అనలేదు. మా కమిటీలో ఆ రోజు 12 మందిమి ఉన్నాం. నిలబడింది ఒక్కడు. మిగతా 11 మందిలో ఒకణ్ణి నేనే. తక్కిన పదిమంది నా మీద గౌరవంతో ఊరుకున్నారు. ఆ గౌరవమే నన్ను గుంటలోకి తోసింది. వాళ్ళను తప్పుపట్టడం లేదు. నేనైనా వాళ్ళ స్థానంలో అదే చేసేవాణ్ణి.

ఇప్పుడు మన సంఘాలు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉజ్జీవ సభలు పెడితే ఊరి మొదట్లో ఫ్లెక్సీ. అందులో ప్రసంగీకుడి ఫొటో నిలువెత్తు, సిలువ బొమ్మ మూలన అరచేతంత. వేదిక మీద మధ్యలో ఎర్ర వెల్వెట్ వేసిన పెద్ద కుర్చీ, పక్కన సోఫాలు, కింద జనానికి ప్లాస్టిక్ కుర్చీలో పట్టాలో. వచ్చీరాగానే శాలువా, గజమాల. పేరు ముందు రెండు మూడు బిరుదులు. "దైవజనుల మీద నోరెత్తితే దేవుడు ఊరుకోడు" అన్న భయం. ఇవన్నీ మీరు అడిగి పెట్టించుకున్నవి కావని నాకు తెలుసు. చాలావరకు మేమే పెడతాం. ప్రేమతోనే పెడతాం. కానీ ఆ కుర్చీలో రోజూ కూర్చున్న మనిషి ఎప్పటికైనా లేచి, "నాకు ఈ విషయంలో శోధన ఉంది, నా కోసం ప్రార్థన చేయండి" అని అనగలడా? మేము ఆ మాట అనలేని ఎత్తులో కూర్చోబెట్టి, పడిపోయిన రోజున అదే ఫ్లెక్సీ చింపుతాం. మీ పతనంలో మా చేయి ఉంటుంది.

త్యాగం చేసినవాళ్ళకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇది చెప్పడానికి డోర్నకల్ బిషప్ అజరయ్యగారిని తలుచుకుంటాను. తిరునెల్వేలి వైపు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, డోర్నకల్ పల్లెల్లో సేవ చేసిన మనిషి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. దానికి రెండేళ్ళ ముందు, 1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆ సభలో ఉన్నవాళ్ళలో చాలామంది ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి, రోగాలకు బిడ్డలను పోగొట్టుకుని సేవ చేసినవాళ్ళు, అలాంటివాళ్ళను పంపినవాళ్ళు. 35 ఏళ్ళ అజరయ్యగారు వాళ్ళ ముందు నిలబడి, మీరు మీ ఆస్తిని బీదలకు ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడటానికి ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. సభలో కొందరికి అది కారం రాసినట్టే ఉంది. ఇంత చేసిన మమ్మల్నా ఈ మాట అంటావు అనుకున్నవాళ్ళున్నారు. నేనూ అదే అన్నాను కదా: పైకప్పు వేసేటప్పుడు ఎన్ని రాత్రులు మేల్కొన్నాను, నన్నా అడుగుతావు అని. చేసిన మేలును జ్ఞాపకం పెట్టుకుని, దాన్ని గోడలా కట్టుకుని, దాని వెనక నిలబడితే ఎంత మంచి సేవకుడికైనా ఎదుటి మనిషి కనిపించడు.

కులం మాట కూడా అనకుండా పోలేను. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలో తాగి, బయటకు వచ్చాక సమాధుల దొడ్డి వేరు, సంబంధాలు వేరు, కమిటీ ఎన్నికల్లో జట్లు వేరు అయిన సంఘాలు మీకూ నాకూ తెలుసు. పుట్టుకను బట్టి వచ్చిన గర్వాన్ని వాకిలి బయట వదలకుండా వచ్చి, లోపల "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న సుంకరి ప్రార్థన ఎలా చేస్తాం? దాని మీద వేరే లేఖ రాయాలి. ఇక్కడ ఇంతటితో ఆపుతాను.

మన దగ్గర అలా బతికిన మనుషులు లేరా అంటే ఉన్నారు. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి ఉంది. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని పెట్టించారు. జనం బాప్తిస్మం ఇవ్వమని గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవాళ్ళెవరో, దేవుని కోసం వచ్చినవాళ్ళెవరో తెలియదని 15 నెలలు ఆపేశారు. ఈ కాలంలో ఆ పని ఎవరైనా చేస్తారా చెప్పండి. వేలమంది వచ్చి నిలబడితే, లెక్క రాసి, ఫొటోలు తీసి పంపకుండా, "ఆగండి" అనగలరా? కరువు సాయం ఆగిపోయిన తర్వాత కూడా జనం వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, అలసినప్పుడు వంతులు మార్చుకుంటూ. మనం ఆ 2,222 అన్న అంకెనే చెప్పుకుంటాం. ఆ ముందు 15 నెలల్లో ఎంతమందికి బాప్తిస్మమిచ్చారంటే ఎవరికీ ఇవ్వలేదన్న సంగతి ఎవరూ చెప్పరు. నాకైతే అంత పెద్ద అంకెను మోయగల బలం ఆ సున్నాలోనే ఉందనిపిస్తుంది.

ఇంకొక సంగతి అమెరికాది, కానీ మన పాస్టరయ్యలకు బిల్లీ గ్రాహంగారి పేరు బాగా తెలుసు కాబట్టి చెబుతాను. 1948లో, ఆయనకు 30 ఏళ్ళు వచ్చీరాని వయసులో, కాలిఫోర్నియాలోని మొడెస్టో అనే ఊళ్ళో సభలు జరుగుతున్నాయి. ఆయన తన ముగ్గురు సహసేవకులను పిలిచి, సువార్తికులు ఎక్కడెక్కడ పడిపోతున్నారో ఎవరికి వాళ్ళు గదిలోకి వెళ్ళి ఆలోచించి రాసుకుని రమ్మన్నారు. తిరిగి వచ్చి చూస్తే అందరి చీటీల్లోనూ దాదాపు అవే ఉన్నాయి: డబ్బు, స్త్రీపురుష సంబంధాలు, స్థానిక సంఘాలను కించపరచడం, సభలకు వచ్చినవాళ్ళ సంఖ్యను పెంచి చెప్పడం. నాలుగింటికీ అప్పుడే కంచె వేసుకున్నారు. వాళ్ళలో అప్పటికి ఎవరూ పడిపోలేదు. "మేమూ పడిపోగలం" అని నమ్మారు, అంతే. "తాను నిలుచుచున్నానని తలంచుకొనువాడు పడకుండునట్లు జాగ్రత్తగా చూచుకొనవలెను" అన్న పౌలు మాటను ఆ నలుగురు ఒక మధ్యాహ్నం కూర్చుని కాగితం మీద పెట్టారు. తగ్గింపు అంటే తల వంచుకుని మెల్లగా మాట్లాడటం అని నేను చాలాకాలం అనుకున్నాను. నాకంటే మెల్లగా మాట్లాడేవాడు మా సంఘంలో లేడు. నేను కూడా పడిపోగలనని ఒప్పుకుని, నన్ను చూస్తూ ఉండమని ఇంకొకరిని అడగడమే తగ్గింపు అని ఇప్పుడు అనుకుంటున్నాను. చూసేవాళ్ళుంటే నేను ఆ డబ్బు తీసేవాణ్ణి కాదు. నేను అంత మంచివాణ్ణేమీ కాదు. తీయడానికి వీలుండేది కాదు, అంతే. ఆ వీలు లేకపోవడమే నా పాలిటి కృప అయ్యేది. పౌలు "తప్పించుకొను మార్గము" అన్నది కొన్నిసార్లు కమిటీలో లేచి నిలబడ్డ ఒక బ్యాంకు ఉద్యోగి రూపంలో వస్తుంది. గొంతు పెంచి మనమే దాన్ని మూసేస్తాం.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. పాస్టరయ్యా, మీరు మీ శోధన చెప్పుకునే మనిషి ఒకరు ఉన్నారా? మీ కింద పనిచేసేవారు కాదు, మీకు భయపడేవారు కాదు. పక్క ఊరి పాస్టరుగారైనా సరే, నెలకొకసారి బస్సెక్కి వెళ్ళి, "డబ్బు విషయంలో ఇలా ఉన్నాను, ఫోను విషయంలో ఇలా ఉన్నాను, ఈ నెల పొగడ్త వింటే ఇలా పొంగాను" అని చెప్పుకుని రండి. లేకపోతే వెతుక్కోండి. మీ సంఘంలో ఎవరైనా లేచి లెక్కల గురించి అడిగితే, దయచేసి ట్రెజరర్ మీద ప్రేమతో ఆ నోరు మూయించకండి. మా పాస్టరయ్య తర్వాత నా చేయి పట్టుకుని, "ఆ రోజు నీ పరువు కాపాడాననుకున్నాను, నిన్ను కాపాడలేదు" అని ఏడ్చారు. అలాంటి ఏడుపు మీకు రాకూడదు.

వేదిక మీద పెద్ద కుర్చీ ఉంటే పక్కకు జరిపించి, అందరితోపాటు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోండి. మొదటివారం జనం ఇబ్బంది పడతారు, పట్టుబట్టి లాగుతారు. రెండోవారానికి అలవాటవుతుంది. సమాజమందిరాల్లో అగ్రపీఠాల గురించి ప్రభువు మత్తయి 23లో అన్నది పరిసయ్యుల గురించే అని చదివి పక్కన పెడుతున్నాం. ఆ పీఠాలు ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి.

ఈ శ్రమల వారంలో గురువారం రాత్రి మీలో కొందరు సంఘస్థుల కాళ్ళు కడుగుతారు. మంచి ఆచారం. ఒక చిన్న మనవి: ముందే స్నానం చేసి, తెల్ల సాక్సులు వేసుకుని వచ్చిన పన్నెండుమంది పెద్దలను కూర్చోబెట్టకండి. ఆ రోజు చేలోంచి నేరుగా వచ్చినవాళ్ళను పిలవండి. ఆ తర్వాత మీరు కూర్చుని, మీ కాళ్ళు వాళ్ళ చేత కడిగించుకోండి. పేతురుకు కష్టమైంది రెండోదే. "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు. ఇతరుల కాళ్ళు కడగడంలో కూడా మనం పెద్దవాళ్ళమై ఉండగలం. మన మురికి ఇంకొకరి చేతికి తగలనివ్వడం దగ్గరే ప్రాణం పోతుంది.

ఆ బ్యాంకు అబ్బాయి ఇంటికి కూడా వెళ్ళాను. వెళ్ళడానికి నాలుగు నెలలు పట్టింది. సంఘం ముందు ఒప్పుకోవడం కంటే అతని గుమ్మం ఎక్కడమే నాకు కష్టమైంది. తలుపు తీసి, "రండన్నా" అన్నాడు. అతని భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, చెప్పాల్సింది చెప్పాను. "ఆ రోజు మీ మీద అనుమానంతో అడగలేదన్నా, మా బ్యాంకులో మా మేనేజరు కూడా ఒక్కడే లాకరు తెరవడు" అన్నాడు. రెండు తాళాలు, ఇద్దరు మనుషులు ఉండాలట. ఎంత నమ్మకస్థుడికైనా అంతేనట.

ఇప్పుడు మా సంఘంలో కానుకలు ఆరాధన అయిన వెంటనే మందిరంలోనే, బల్ల మీద, తలుపులు తీసిపెట్టి లెక్కపెడతారు. కొత్త ట్రెజరర్ పక్కన ఇద్దరు స్త్రీలు కూర్చుంటారు. ఒకామెకు చదువు రాదు, వేలిముద్ర వేస్తుంది. నోట్ల లెక్కలో మాత్రం ఆమెను ఎవరూ తప్పు పట్టలేరు. ఆ రోజు నా చేతులు పట్టుకుని ప్రార్థన చేయమన్న పెద్దమ్మే ఆమె. అల్లుడి కేసు ఇంకా నడుస్తోంది. నాకు ఏ పదవీ లేదు. అడిగితే బిళ్ళలు దొంతర్లు పేర్చి ఇస్తాను, నోట్లకు రబ్బరుబ్యాండు వేస్తాను. కిందటి ఆదివారం నోట్లు సర్దుతూ కళ్ళు నులుముకోబోతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపి, "ముందు చేతులు కడుక్కో నాయనా" అంది.

ప్రభువునందు మీ సహోదరుడు,
ఒక సంఘ సభ్యుడు